పాత బండి స్క్రూ: తల చెడక ముందు, చెడిన తర్వాత

పాత బండి విప్పేటప్పుడు స్క్రూ రాకపోతే అందరం తుప్పుని తిడతాం. నిజానికి తుప్పు చేసేది దాన్ని గట్టిగా పట్టి ఉంచడం వరకే. తల మీద ఉన్న స్టార్ గాడిని గుండ్రంగా గొరిగేది మాత్రం మన చేతిలోని స్క్రూ డ్రైవరే. అది కూడా మొదటిసారి తిప్పినప్పుడే జరిగిపోతుంది. ఆ ఒక్క తిప్పు సరిగ్గా పడితే కింద నేను రాసే సగం గొడవతో మీకు పని ఉండదు.

మా మామ మైపాడు వైపు రొయ్యల గుంటల మీద తిప్పీ తిప్పీ, ఆ తర్వాత పశువుల కొట్టంలో ఓ మూలకు నెట్టేసిన ఆర్ఎక్స్ 100 ఒకటి నా దగ్గరికి వచ్చింది. యమహా ఈ బండిని మన దగ్గర 1985 నుంచి 1996 దాకా తయారు చేసింది, కాబట్టి ఇప్పుడు ఎవరి దగ్గర ఏది దొరికినా దాని వయసు దాదాపు ముప్పై నుంచి నలభై ఏళ్ల దాకా ఉంటుంది. గుంటల గట్ల మీద తిరిగిన బండి కథ మామూలు పాత బండి కథలా ఉండదు. ఉప్పు గాలి ఎటూ ఉంటుంది, దానికి తోడు గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల దగ్గర లేచే తుంపర, వెనక సీటు మీద వల కట్టుకొస్తే కారే నీళ్లు, మన నెల్లూరు జిల్లాలో వానంతా కార్తీకం చుట్టూనే కురుస్తుంది కాబట్టి అప్పటి బురద. ఈ బండి ఇంజను కవర్ల మీద స్క్రూల చుట్టూ తెల్లగా సున్నం పట్టినట్టు ఉంది. ఆ తెలుపు చూస్తే జాగ్రత్త పడాలి. ఇంజను కవరూ, అది కూర్చునే కేసూ అల్యూమినియం, స్క్రూ ఏమో ఉక్కు. ఈ రెండు లోహాలు తగిలి ఉన్న చోటికి ఉప్పు నీళ్లు చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారైనట్టే, కాకపోతే అందులో కరిగిపోయేది అల్యూమినియం. అలా కరిగి తెల్ల పొడిగా మారి స్క్రూ మర సందుల్లో బిగుసుకుపోతుంది. ఎర్ర తుప్పుదీ అదే పద్ధతి, ఇనుము తుప్పు పట్టాక ముందుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల చోటు లేదు, దాంతో స్క్రూ మెడ పట్టుకుంటుంది.

ఇప్పుడు స్క్రూ డ్రైవర్ సంగతి. మన ఇళ్లలో ఉండే స్టార్ స్క్రూ డ్రైవర్ ఫిలిప్స్ రకం. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ అనే ఆయన 1930ల్లో పేటెంట్లు తీసుకుని కార్ల ఫ్యాక్టరీల్లోకి తెచ్చిన ఆకారం ఇది. దాని గాడి గోడలు కాస్త ఏటవాలుగా ఉంటాయి, బలం ఎక్కువ పెడితే డ్రైవర్ మొన పైకి జారి బయటికొచ్చేస్తుంది. జపాన్ బండ్ల మీద ఉండేది చూడటానికి అచ్చం ఇలాగే ఉన్నా వాళ్ల సొంత స్టాండర్డు, జిస్ అంటారు. దాని గాడి కొలతలు వేరు. ఫిలిప్స్ మొన అందులో అడుగు దాకా దిగదు, పైపైనే కూర్చుని తిప్పగానే జారుతుంది, జారినప్పుడల్లా కొంచెం లోహం గీరుకుపోతుంది. కొన్ని జిస్ స్క్రూల తల మీద ఒక చిన్న చుక్క గుంటలా కనిపిస్తుంది, అది ఉంటే అనుమానం అక్కర్లేదు. చుక్క లేనంత మాత్రాన ఫిలిప్స్ అని నమ్మకండి, జపాన్ డిజైన్‌తో వచ్చిన పాత బండి ఏదైనా జిస్ అనే అనుకుని మొదలుపెట్టడం మంచిది. జిస్ డ్రైవర్ ఫిలిప్స్ స్క్రూలో దాదాపు బాగానే పనిచేస్తుంది కాబట్టి అలా అనుకోవడం వల్ల పోయేదేమీ లేదు. జపాన్ కంపెనీ వెసెల్ వాళ్లవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ధర చూస్తే గుండె కాస్త ఆగుతుంది, అయినా కొనండి.

దీనికంటే ముఖ్యమైంది సైజు. ఇంట్లో ఉండే స్టార్ డ్రైవర్ సాధారణంగా రెండో నంబరు. ఇంజను కవర్ల మీద ఉండే 6 ఎంఎం స్క్రూకి కావాల్సింది మూడో నంబరు, లావుగా మొద్దుగా ఉంటుంది. రెండో నంబరుతో కూడా స్క్రూ తిరిగేలాగే ఉంటుంది, అదే చిక్కు. డ్రైవర్ గాడిలో పెట్టి వదిలేసి అటూ ఇటూ కదిపి చూడండి, లొడలొడలాడితే అది దాని సైజు కాదు. కార్బొరేటర్ కింద గిన్నెకి ఉండే చిన్న స్క్రూలకైతే రెండో నంబరే సరైనది.

పెట్టే ముందు గాడిలో మట్టి తీయాలి. ఇది చెబితే నవ్వుతారు గానీ, ముప్పై ఏళ్ల గ్రీజూ ఇసకా గట్టిపడి అడుగున రాయిలా ఉంటే ఏ డ్రైవరూ లోపలికి దిగదు. పిన్నీసో సూదో పెట్టి గీకి, పెట్రోలులో ముంచిన పాత టూత్ బ్రష్‌తో రుద్ది, అప్పుడు డ్రైవర్ పెట్టి పిడి మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేయండి. దానివల్ల మొన అడుగు దాకా దిగుతుంది, పైగా ఆ అదురుకి మరల్లో పట్టిన పొడి చిట్లుతుంది. తర్వాత వెంటనే ఎడమకి తిప్పకుండా, ముందు కుడికి, అంటే బిగించే వైపు, వెంట్రుకంత కదిలించి చూడండి. కదిలిందా, ఇక భయం లేదు.

నూనెల గురించి ఒక మాట. అందరూ డబ్ల్యూడీ-40 కొట్టేసి ఐదు నిమిషాల్లో తిప్పుతారు. అది 1953లో అమెరికాలో తేమని తోసేసి తుప్పు రాకుండా చూడటానికి తయారు చేసిన సరుకు, అట్లాస్ క్షిపణుల పైపొరకి వాడారు. కడగడానికి, చిన్న చిన్న వాటికి బాగానే ఉంటుంది, బాగా పట్టేసిన మరలోకి దిగడంలో మాత్రం అంత గొప్పది కాదు. నేను వాడేది సగం అసిటోన్, సగం ఏటీఎఫ్, అదే పవర్ స్టీరింగులో పోసే ఎర్ర ఆయిలు. రెండూ సరిగ్గా కలవవు, సీసా ఊపి వెంటనే చుక్కలు వేయాలి. పెయింటు మీద పడితే పెయింటు పోతుంది, నిప్పు దగ్గర అసలు పెట్టకండి. ఇది కూడా లేకపోతే డీజిలు చాలు, మన మెకానిక్కులు ఎన్నో ఏళ్లుగా దాంతోనే లాగించేస్తున్నారు. ఏది పోసినా అసలు మందు సమయం. సాయంత్రం పోసి మధ్యమధ్యలో తల మీద కొడుతూ మళ్లీ పోస్తూ, మర్నాడు ముట్టుకోండి. నెల్లూరు ఆటోనగర్‌లో నేను బండి సామాను పట్టుకెళ్లే భాయ్ ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గర ఎంత అర్జెంటని చెప్పినా ఒకటే మాట: "ఇన్నేళ్లు ఆడనే ఉండిందిగా నాయనా, ఈ రాత్రికి ఏడికి పోతదది?"

నూనెకి రానిది దెబ్బకి వస్తుంది. ఇంపాక్ట్ డ్రైవర్ అని ఒక పనిముట్టు ఉంది, కరెంటుది కాదు, సుత్తితో కొట్టేది. వెనక కొడితే ఆ దెబ్బని కాస్తంత తిప్పుడుగా మార్చి ముందుకి పంపుతుంది, అదే క్షణంలో మొనని గాడిలోకి అదుముతుంది కూడా, అందుకే జారదు. పాత జపాన్ డిజైన్ బండి ఉన్నవాడి దగ్గర పానాల సెట్టు లేకపోయినా ఇది ఉండాలని నేనంటాను. దీన్ని చాలామంది తప్పుగా వాడతారు. ముందు విప్పే వైపుకి సెట్ చేసుకుని, చేత్తో గట్టిగా ఎడమకి మెలిపెట్టి పట్టుకుని, ఆ బిగువు సడలకుండా కొట్టాలి. సుత్తి బరువుగా ఉండాలి, కిలోకి తగ్గకుండా. చిన్న సుత్తితో టకటకా పది దెబ్బలు కొడితే తల చెడుతుంది గానీ స్క్రూ రాదు, బరువు సుత్తితో ఒక్క దెబ్బ నిండుగా పడాలి. ఇంజను కింద చెక్క దిమ్మో పాత టైరో పెట్టండి. కార్బొరేటర్ మీద మాత్రం ఇది వాడొద్దు, ఆ పోత లోహం బిస్కెట్టులా విరుగుతుంది. కార్బొరేటర్ స్క్రూలకి నా పద్ధతి వేడి. లావు సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద ఓ రెండు నిమిషాలు ఆనించి ఉంచి, చల్లారనిచ్చి, నూనె చుక్క వేసి తిప్పితే చాలావరకు వచ్చేస్తాయి. పెట్రోలంతా తీసేసి, ఆరబెట్టాకే సుమా.

వేడి ఇంజను మీద కూడా బాగా పనిచేస్తుంది, అయితే ఎక్కడ వేడి చేయాలో చూసుకోవాలి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కాబట్టి వేడి చేయాల్సింది స్క్రూని కాదు, దాని చుట్టూ ఉన్న కేసుని. అప్పుడు బొక్క స్క్రూ కంటే ఎక్కువ వెడల్పవుతుంది, పట్టు వదులుతుంది. హాట్ ఎయిర్ గన్ ఉంటే మేలు. మంట పెట్టేవాళ్లు ట్యాంకు తీసి దూరంగా పెట్టి, పక్కన ఆయిల్ సీలు ఉందేమో చూసుకోండి, రబ్బరు మాడితే ఇంకో ఖర్చు. వేడిగా ఉన్నప్పుడే కొవ్వొత్తిని మర మొదట్లో ఆనిస్తే మైనం కరిగి సందులోకి పాకిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు గానీ సైలెన్సర్ స్టడ్డు, అంటే తల లేని బోల్టు, దాని దగ్గర దీనంత మంచి ఉపాయం నాకు కనిపించలేదు.

సరే, తల ఇప్పటికే పోయింది అనుకుందాం. మీకంటే ముందు ఎవరో రెండో నంబరుతో గొరిగేసి వదిలేశారు, పాత బండ్లన్నిటికీ ఇలాంటి పూర్వీకుడు ఒకడుంటాడు. యూట్యూబులో రబ్బరు బ్యాండు పెట్టి తిప్పమంటారు, అది తలుపు గొళ్లేల దగ్గర పనికొస్తుందేమో, ఉప్పు పట్టిన ఇంజను దగ్గర నవ్వులాటే. అంతకంటే స్పేరు పార్టుల షాపులో వాల్వ్ గ్రైండింగ్ పేస్టు డబ్బా తీసుకోండి, చవకే. గరుకు రకం పేస్టు మొనకి కొంచెం రాస్తే ఇసక రవ్వల్లాంటి ఆ పొడి గాడికీ మొనకీ మధ్య పట్టునిస్తుంది. ఇంకో పని, గాడి మరీ వెడల్పయి ఉంటే చదును పంచ్ పెట్టి తల మీద కొట్టి, పక్కకి పోయిన లోహాన్ని మళ్లీ లోపలికి నెట్టి, ఆ తర్వాత ఇంపాక్ట్ డ్రైవర్ మొనని సుత్తితో దించి కొత్త గాడి చేయించడం. ఇది సగం సార్లు పనిచేస్తుంది.

అదీ కాకపోతే ఉలి. తల అంచు దగ్గర ఉలిని నిలువుగా పెట్టి ముందు ఒక గంటు పడేలా కొట్టి, తర్వాత ఉలిని ఏటవాలుగా వంచి గంటులో ఆనించి ఎడమ వైపుకి తోసినట్టు కొట్టాలి. పాత మేస్త్రీలు ఇంపాక్ట్ డ్రైవర్ జోలికి పోకుండా నేరుగా ఇదే చేస్తారు, చూస్తుంటే బండిని హింసిస్తున్నట్టు ఉంటుంది గానీ పని అయిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, ఉలి తల నుంచి ఎగిరే ముక్క కంటికే వస్తుంది.

ఇవేవీ కాలేదంటే నేను డ్రిల్లు తీస్తాను, చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. స్క్రూ మొత్తానికి బొక్క కొట్టుకుంటూ పోనక్కర్లేదు, తల ఊడిపోతే చాలు. 6 ఎంఎం స్క్రూకి 6 ఎంఎం బిట్టుతో, గాడి మధ్యలోనే నెమ్మదిగా తొలుస్తూ పోతే తల చక్రంలా ఊడి బిట్టుకి చుట్టుకుంటుంది. అన్ని తలలూ అయ్యాక కవరు లాగేయొచ్చు, స్క్రూ ఒళ్లు కేసులోంచి మేకులా బయటికి నిలబడి ఉంటుంది. తల లేదు కాబట్టి లాగి పట్టే బిగువు లేదు, కవరు బొక్కలో పట్టిన తుప్పు కూడా కవరుతో పాటే పోయింది. ఇక మిగిలిన ముక్కని గ్రిప్ ప్లయర్‌తో పట్టి తిప్పితే, ఇంతసేపు ఏడిపించింది ఇదేనా అనిపించేంత తేలిగ్గా వస్తుంది. మా బండి క్లచ్ కవరు స్క్రూల్లో మొండివన్నీ ఇలాగే వచ్చాయి.

ముక్క కేసు మట్టానికి విరిగిపోతే మాత్రం తలనొప్పే. ఇక్కడ అందరూ ఎక్స్‌ట్రాక్టర్ కొంటారు, ఎడమ మర ఉన్న కోసు మేకులాంటిది, బొక్క కొట్టి అందులో దించి తిప్పేది. నాకు దాని మీద నమ్మకం లేదు. స్క్రూ అంత గట్టిగా పట్టేసి తలనే తెంచుకుందంటే, అంతకంటే సన్నగా ఉన్న ఈ ముక్క దాన్ని ఎలా తిప్పుతుంది? లోపలే విరుగుతుంది. అది గట్టి ఉక్కు, మామూలు డ్రిల్ బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు, అప్పుడు ఒక సమస్య రెండవుతుంది. ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్లు దొరికితే అవి మేలు, తొలుస్తూ ఉండగానే వేడికీ అదురుకీ ముక్క దానంతటదే బయటికి తిరిగి రావచ్చు.

వీటన్నిటికంటే నేను నమ్మేది వెల్డింగు. విరిగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి, నట్టు బొక్కలోంచి ముక్కకి వెల్డింగు చుక్క వేయిస్తారు. ఉక్కు వెల్డింగు అల్యూమినియానికి అతకదు కాబట్టి కేసుకి భయం తక్కువ, పైగా ఆ వేడి నేరుగా స్క్రూలోకే పోయి తుప్పు పట్టుని చిట్లిస్తుంది. ఎర్రదనం పోయి చల్లారాక పానా వేసి, నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తూ తీయాలి. మొదటి చుక్క ఊడిపోవచ్చు, మళ్లీ వేయించండి. వెల్డింగు చేసేవాడికి ఓపిక ఉండాలి, గేట్లు చేసే వాళ్ల దగ్గరికి కాకుండా ఇంజను పనులు చేసే లేత్ షాపు పక్కన ఉండే వాడి దగ్గరికి వెళ్లండి. బండి మీదే చేయిస్తుంటే బ్యాటరీ వైర్లు పీకండి, ఎర్త్ క్లిప్పు ఇంజనుకి దగ్గరగా పెట్టించండి.

ఇదీ కుదరకపోతే చివరికి 5 ఎంఎం బిట్టుతో సరిగ్గా మధ్యలో తొలిచి, మర కోసే 6 ఎంఎం ట్యాప్ కొట్టి పాత మరనే బతికించాలి. మధ్య తప్పితే మర పోతుంది, అప్పుడు హెలికాయిల్ అనే స్ప్రింగు లాంటి తీగ మర వేయిస్తారు, నిజానికి అది పాత అల్యూమినియం మర కంటే గట్టిది. తొలిచేటప్పుడు బిట్టుకి గ్రీజు రాసుకుంటే పొట్టు దానికి అంటుకుంటుంది, ఇంజను లోపలికి రాలదు. లోపల బట్ట కుక్కడం మర్చిపోవద్దు, మూసే ముందు ఆ బట్ట తీయడం అసలు మర్చిపోవద్దు.

తిరిగి బిగించేటప్పుడు అందరూ మెరిసే స్టెయిన్‌లెస్ ఎలన్ బోల్టుల సెట్టు కొంటారు. ఎలన్ అంటే తల మధ్యలో ఆరు మూలల గుంట ఉండేది. అది మంచిదే, నేనూ అవే వేశాను, గాడి చెడే గొడవ చాలావరకు తప్పుతుంది. స్టెయిన్‌లెస్ దగ్గరే నాకు అభ్యంతరం. అది తుప్పు పట్టదు నిజమే, కానీ ఉప్పు గాలిలో పక్కనున్న అల్యూమినియాన్ని మామూలు బోల్టు కంటే ఎక్కువ తినేస్తుంది. కావలి నుంచి కృష్ణపట్నం దాకా సముద్రం పక్కన తిరిగే బండికి జింకు పూత ఉన్న మామూలు ఉక్కు బోల్టులే మేలని నా ఉద్దేశం. ఏవి వేసినా మరకి కాపర్ పేస్టో, కనీసం గ్రీజో రాయకుండా వేయకండి. బోల్టుల పొడవులు కూడా వేర్వేరుగా ఉంటాయి, విప్పేటప్పుడే ఒక అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, బొక్కలు పొడిచి, ఏ స్క్రూని ఆ చోట గుచ్చి పెట్టుకోండి. పొడుగుది పొట్టి బొక్కలో పడితే అడుగు తగిలి కేసు పగులుతుంది, బిగిస్తున్నవాడికి మాత్రం బాగా బిగిసినట్టే అనిపిస్తుంది. 6 ఎంఎం బోల్టుకి అల్యూమినియంలో 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. టార్కు పానా లేనివాళ్లు ఎలన్ కీని చివర కాకుండా వంపుకి దగ్గరగా వేళ్లతో పట్టుకుని, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగిస్తే సరిపోతుంది.

చివరిగా ఒకటి. యమహా బండ్లకి కుడి చేతి వైపు అద్దం మర ఎడమ మర, మామూలు దానికి తిరగబడి ఉంటుంది. అది తిరగడం లేదని పైన రాసినవన్నీ దాని మీద ప్రయోగించే ముందు, గడియారం ముల్లు తిరిగే వైపు ఒకసారి తిప్పి చూడండి.